ఓడూ పర్చేజ్ మాడ్యూల్ ఫైళ్లను ముట్టుకోకుండా మామిడి తరుగు లెక్క ఎలా చేర్చాలి?

తోతా_చిత్తూరు:

నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్లకు సంబంధించిన పని అంతా నాదే. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, బిల్లులో పైసా తేడా వచ్చినా ఫోను నాకే వస్తుంది. ఇక్కడ కొనుగోళ్లు, గోదాము, ఖాతాలు చూసే ఓడూ సాఫ్ట్‌వేర్ 13వ వెర్షన్, ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ నడుస్తోంది. దాన్ని 17కు మార్చాలని యజమాని నిర్ణయించారు. మే నెల మధ్యకల్లా పూర్తి కావాలి. జూన్‌లో తోతాపురి లారీలు గేటు బయట వరుస కట్టిన తరువాత సర్వర్ మీద చేయి వేయడం కుదరదు.

చిక్కు ఎక్కడంటే, నాకు ముందు ఈ పని చేసిన కాంట్రాక్టరు తన కోడును విడి మాడ్యూల్‌గా, అంటే ఓడూకు బయటి నుంచి తగిలించే భాగంగా, రాయలేదు. ఓడూతో వచ్చే పర్చేజ్, పర్చేజ్ స్టాక్ మాడ్యూళ్ల ఫైళ్లనే తెరిచి మధ్య మధ్యలో రాసుకుంటూ పోయారు. ఓడూ కోడు ఎక్కడ ఆగుతుందో, ఆయన కోడు ఎక్కడ మొదలవుతుందో చెప్పే వ్యాఖ్య ఒక్కటీ లేదు. అసలు 13 ఫైళ్లను దించుకుని పక్కపక్కన పెట్టి పోలిస్తేనే తేడాలు బయటపడ్డాయి.

మా లెక్క ఇలా ఉంటుంది. లారీ నిండుగా కాటా ఎక్కుతుంది, సరుకు దింపాక ఖాళీగా మళ్లీ ఎక్కుతుంది. రెండింటి తేడా నికర బరువు. దింపుతున్నప్పుడే ల్యాబ్ వారు కొన్ని కాయలు తీసి చూసి, కుళ్లినవి, పచ్చివి, దెబ్బ తిన్నవి కలిపి తరుగు ఇంత శాతం అని చీటీ మీద రాస్తారు. రైతుకు డబ్బు తరుగు పోగా మిగిలినదానికే. నికర బరువు 9,840 కిలోలు, తరుగు 5 శాతం అనుకుంటే 9,348 కిలోలకు బిల్లు. పాత కోడు సరుకు రాబడి దగ్గరే ఈ కోత వేస్తోంది. గోదాములోకి వచ్చింది కూడా 9,348 అనే రాస్తోంది. మిగిలిన 492 కిలోలు ఏ రిపోర్టులోనూ కనబడవు. టన్ను కాయకు ఎంత గుజ్జు వచ్చిందని ఉత్పత్తి విభాగం లెక్క వేస్తే, ఉన్నదానికంటే ఎక్కువ దిగుబడి కనిపిస్తుంది. ప్రతి సీజన్‌లోనూ దీని మీద గొడవే.

దీనికి తోడు 2025 సీజన్‌లో ప్రభుత్వం తోతాపురికి కిలోకు 12 రూపాయలు అని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించినప్పుడు, ఆ వివరాల కోసం మరికొన్ని ఫీల్డులు కూడా అవే ఫైళ్లలో హడావుడిగా చేరాయి.

డాక్యుమెంటేషన్‌లో ఇన్హెరిటెన్స్, అంటే ఉన్న కోడును ముట్టుకోకుండా పొడిగించే పద్ధతి, మూడు రకాలుగా ఉంది. నా పనికి ఏది సరిపోతుంది? తరుగు కోసం ఏ ఫంక్షన్‌ను ఓవర్‌రైడ్ చేయాలి, అంటే ఏ ఫంక్షన్ బదులు నాది నడవాలి? పాత సీజన్ల డేటా పోకుండా ఈ కోడును ఓడూ ఫైళ్లలోంచి బయటికి ఎలా తీయాలి? నిజానికి నన్ను ఎక్కువగా భయపెడుతున్నది ఈ మూడో ప్రశ్నే.


రేణిగుంట_షిఫ్టు:

మీకున్న గడువు చూస్తే విడి మాడ్యూల్ రాయడానికి సమయం చాలదు. అసలు 13కు, మీ దగ్గర నడుస్తున్న 13కు మధ్య తేడాను కోడు మార్పుల చరిత్ర ఉంచే గిట్‌లో ప్యాచ్‌గా, అంటే మారిన వరుసల జాబితాగా, తీయండి. దాన్నే 17 మీద వేయండి. కుదరని చోట చేతితో సరిచేసుకోండి. ఒక గోదాము సాఫ్ట్‌వేర్‌ను నేను ఇలాగే నడుపుతున్నాను, ఓడూ వారి దిద్దుబాట్లు వచ్చినప్పుడల్లా ప్యాచ్ మళ్లీ వేస్తాను, ఇబ్బంది రాలేదు. పద్ధతి ప్రకారం చేయాలంటే సీజన్ అయ్యాక తీరికగా చేసుకోవచ్చు.


పాతకాపు_తిరుపతి:

రేణిగుంట వారు చెప్పింది ఒకే వెర్షన్ లోపల సరిగానే పని చేస్తుంది. 13లోనే ఉంటూ దిద్దుబాట్లు ఎక్కించుకోవడానికి ప్యాచ్ చాలు. 13 నుంచి 17కు మాత్రం ఆ దారి పట్టవద్దు. ప్యాచ్ వేయాల్సిన వరుసే 17లో ఉండదు, కొన్ని చోట్ల ఫంక్షనే ఉండదు. స్టాక్ మూవ్‌లో, అంటే సరుకు కదలిక రికార్డులో, పూర్తయిన పరిమాణం చూపే ఫీల్డుకు 17లో పేరు మారింది. సరుకు బ్యాచ్‌ను గుర్తించే లాట్ మోడల్‌కు (మోడల్ అంటే ఒక రకం రికార్డుల నిర్మాణం) 16లోనే పేరు మారింది. వ్యూలలో, అంటే తెర అమరికల్లో, ఫీల్డును దాచడానికి వాడే పాత యాట్రిబ్యూట్ పద్ధతిని 17లో పూర్తిగా తీసివేశారు. చేతితో సరిచేసుకోవడం అంటే చివరికి మళ్లీ రాయడమే అవుతుంది. ఎలాగూ రాయాలి కాబట్టి సరైన చోట రాయండి.

ఈ సాఫ్ట్‌వేర్ 2005లో టైనీ ఈఆర్‌పీగా మొదలై, ఓపెన్ ఈఆర్‌పీ అయి, 2014లో ఓడూ అయింది. నేను రెండో పేరు కాలం నుంచి చూస్తున్నాను. పేర్లు మారాయి, తెరలు మారాయి, రిపోర్టులు తయారు చేసే పద్ధతి మారింది. ఒక మాడ్యూల్‌ను ఇంకో మాడ్యూల్ బయటి నుంచి పొడిగించే పద్ధతి మాత్రం అదే. ఓడూ వారు కూడా తమ సొంత కోడుకు అదే వాడతారు. మీ కాంట్రాక్టరు మార్చిన పర్చేజ్ స్టాక్ మాడ్యూలే దానికి సాక్ష్యం. కొనుగోలు మాడ్యూల్‌కు గోదాము గురించి ఏమీ తెలియదు. కొనుగోలు, సరుకు రెండూ ఉన్న చోట ఈ మూడోది తనంతట తానే ఇన్‌స్టాల్ అయి, కొనుగోలు ఆర్డరుకు రాబడిని తగిలిస్తుంది. దానికోసం పర్చేజ్ ఫైళ్లలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఆయన రాయాలనుకున్నది ఎలా రాయాలో చూపించే నమూనా ఆయన తెరిచిన ఫైలులోనే ఉంది!

ఇక ఇన్హెరిటెన్స్ రకాలు. ఉన్న మోడల్ పేరునే చెప్పి ఇన్హెరిట్ చేస్తే, కొత్త మోడల్ ఏదీ పుట్టదు. మీ ఫీల్డులు, మీ ఫంక్షన్లు ఆ మోడల్‌కే చేరతాయి. ఇన్హెరిట్‌తో పాటు కొత్త పేరు కూడా పెడితే, పాతదాని లక్షణాలతో వేరే టేబుల్ వస్తుంది, అక్కడి నుంచి రెండింటికీ సంబంధం ఉండదు. మూడోది అప్పగింత. యూజర్ రికార్డు తన పేరు, ఫోను నంబరు కోసం పార్ట్‌నర్ (వ్యక్తి లేదా సంస్థ) రికార్డు మీద ఆధారపడటం, ఉత్పత్తి రకం తన టెంప్లేట్ మీద ఆధారపడటం ఇలాంటివే. మీకు నూటికి తొంభై పాళ్లు మొదటిదే కావాలి. రైతు కోసం అప్పగింతతో కొత్త మోడల్ చేద్దామన్న ఆలోచన వస్తుంది, అందరికీ వస్తుంది, వద్దు. పార్ట్‌నర్‌కే రైతు అన్న గుర్తు, గ్రామం, మండలం ఫీల్డులు చేర్చండి. చెల్లింపులు, ఖాతా పట్టిక అన్నీ పార్ట్‌నర్ మీదే నడుస్తాయి కదా.

ఇప్పుడు తరుగు. ఏ ఫంక్షన్‌ను ఓవర్‌రైడ్ చేయాలని అడిగారు. అంతకంటే ముందు, తరుగు పరిమాణానికి సంబంధించిందా, ధరకు సంబంధించిందా అన్నది తేల్చుకోవాలి. మీ పాత కోడు దాన్ని పరిమాణం అనుకుంది, అందుకే దిగుబడి గొడవ. కాటా మీద నిలబడిన బరువు నిజంగా మీ ఆవరణలోకి వచ్చింది. కుళ్లిన కాయ కూడా వచ్చింది, దాన్ని ఏరి పారేసింది మీ కూలీలే. కాబట్టి గోదాము రాబడి 9,840 కిలోలే. పారేసినదాన్ని స్క్రాప్‌గా విడిగా రాయండి, రాస్తే ఉత్పత్తి వారికి అసలు లెక్క దొరుకుతుంది.

ఇక్కడ చాలామంది వేసే అడుగు ఒకటుంది. రాబడిని సరిగా ఉంచి, బిల్లు లైను తయారు చేసే ఫంక్షన్‌ను ఓవర్‌రైడ్ చేసి అక్కడ పరిమాణాన్ని 9,348కి తగ్గిస్తారు. చూడటానికి చక్కగా ఉంటుంది. కానీ బిల్లు చేయాల్సిన పరిమాణాన్ని ఓడూ వచ్చినదానిలోంచి బిల్లయినదాన్ని తీసివేసి లెక్కిస్తుంది. ఆ 492 కిలోలు ఇంకా బిల్లు రావాలి అంటూ ఆర్డరు ఎప్పటికీ పెండింగులోనే ఉంటుంది. సీజన్‌కు వచ్చే లారీలన్నీ ఇలా తెరిచి ఉంటే, నిజంగా బిల్లు కాని లారీని పట్టుకోవడం ఎలా? ఆ ఇబ్బంది తప్పించడానికి బిల్లు స్థితి లెక్కించే ఫంక్షన్‌ను కూడా మార్చాలి, దానివల్ల ఇంకొకటి కదులుతుంది. ఈ తీగ లాగకండి.

ధర అనుకోండి, అంతా తేలిక. కిలో 8 రూపాయల చొప్పున 9,840 కిలోలకు 78,720. అందులో 5 శాతం 3,936. రైతుకు వచ్చేది 74,784. ఆర్డరు, రాబడి, బిల్లు మూడు చోట్లా పరిమాణం ఒకటే కాబట్టి ఆర్డరు దానంతట అదే మూసుకుంటుంది. 17లో కొనుగోలు లైనుకు తగ్గింపు శాతం అనే కాలమ్ ఓడూలోనే వచ్చింది. 13లో అది లేదు, అందుకని మీ కాంట్రాక్టరు అంత రాయాల్సి వచ్చి ఉండవచ్చు. ఆ కాలమ్‌లో 5 వేస్తే బిల్లుకు అదే వెళుతుంది, సరుకు విలువ కూడా తగ్గింపు పోయిన ధర మీదే పడుతుంది. ధరనే 7.60 అని మార్చి రాయవచ్చు కదా అంటారేమో. 8కి 5 శాతం తరుగు కాబట్టి రెండు దశాంశాల్లో ఇమిడింది. 8.25కు మూడున్నర శాతం తరుగు వేసి చూడండి, 7.96125 వస్తుంది. ధరకు రెండు దశాంశాలే ఉంచితే ఆ ఒక్క లారీ మీదే 12 రూపాయల 30 పైసలు తేడా. రైతు దగ్గర కాలిక్యులేటర్ ఉంటుంది.

అంటే తరుగు కోసం మీరు ఓవర్‌రైడ్ చేయాల్సిన ఫంక్షన్ ఏదీ లేదు. ఒక మాడ్యూల్‌ను పొడిగించే ముందు అది కొత్త వెర్షన్‌లో ఏం నేర్చుకుందో చూడటం మన వృత్తిలో చాలామందికి అలవాటు లేదు.

కాటా చీటీని మాత్రం కొత్త మోడల్‌గా చేయండి. కొనుగోలు ఆర్డరులో ఇరవై ఫీల్డులు దూర్చకండి. నిండు బరువు, ఖాళీ బరువు, లారీ నంబరు, ల్యాబ్ శాతం, బ్రిక్స్ (తీపి కొలత) ఇవన్నీ చీటీ సొత్తు. దానికి మెయిల్ థ్రెడ్ మిక్సిన్ (మార్పుల చరిత్ర రాసే ఓడూ భాగం) తగిలించి, బరువు ఫీల్డులకు ట్రాకింగ్ పెడితే బరువును ఎవరు ఎప్పుడు మార్చారో చరిత్ర మిగులుతుంది, కాటా దగ్గర అది చాలా అవసరం. యాక్సెస్ హక్కుల ఫైలు రాయడం మరిచిపోకండి, లేకపోతే మెనూ కూడా కనబడదు. చీటీని ఖరారు చేసినప్పుడు నికర బరువు, ధర, తగ్గింపుతో కొనుగోలు ఆర్డరు తయారవుతుంది. ఆ వివరాలను కూర్చే పనిని ఒక చిన్న విడి ఫంక్షన్‌లో పెట్టండి. ఓడూ వారు బిల్లు లైనుకూ, స్టాక్ మూవ్‌కూ ప్రిపేర్ అనే పేరుతో అలాంటి ఫంక్షన్లు ఉంచబట్టే మనం సూపర్‌ను (అంటే ఓడూ అసలు ఫంక్షన్‌ను) పిలిచి, వచ్చిన డిక్షనరీలో (పేరు, విలువల జతల్లో) రెండు విలువలు చేర్చి తిప్పి పంపగలుగుతున్నాం. మీ తరువాత వచ్చేవారికి మీ మాడ్యూల్‌లోనూ ఆ సందు ఉండాలి.

అలా చేస్తే ఓడూ కొనుగోలు ఆర్డరుకు మీరు చేర్చేది ఒక్క ఫీల్డు, చీటీకి లంకె. వ్యూలో దాన్ని చూపించడానికి ఎక్స్‌పాత్‌తో (వ్యూలో చోటును చూపే పద్ధతి) సరఫరాదారు ఫీల్డు తరువాత అని చెప్పండి. మూడో గ్రూపులో రెండోది అని వరుస సంఖ్యతో చెప్పకండి, తరువాతి వెర్షన్‌లో ఆ వరుస మారుతుంది. ఉన్న ఫీల్డును రీప్లేస్ చేసి తీసివేయడం అసలే వద్దు. ఇంకో మాడ్యూల్ దాన్ని పట్టుకుని తన ఫీల్డును వేలాడదీసి ఉంటే, ఆ వ్యూ మొత్తం కూలుతుంది. అక్కరలేనిదాన్ని దాచండి, చాలు. మానిఫెస్ట్‌లో (మాడ్యూల్ వివరాల ఫైలులో) మీరు ఆధారపడే ప్రతి మాడ్యూల్ పేరూ ఉండాలి. మాడ్యూళ్లు ఆ వరుసలోనే లోడ్ అవుతాయి, సూపర్ గొలుసు కూడా ఆ వరుసనే పట్టుకుంటుంది. ఒక పేరు వదిలితే మీ యంత్రంలో పని చేసి సర్వర్‌లో చేయకపోవచ్చు.

ఇప్పుడు మీ భయం సంగతి. భయపడటం న్యాయమే. ఓడూ ప్రతి ఫీల్డుకూ ఏ మాడ్యూల్ దాన్ని తెచ్చిందో డేటాబేస్‌లో రాసి పెట్టుకుంటుంది. మీ కాంట్రాక్టరు చేర్చిన ఫీల్డులు పర్చేజ్ మాడ్యూల్ పేరు మీద ఉన్నాయి. రేపు మీరు శుభ్రమైన పర్చేజ్ కోడు పెట్టి అప్‌డేట్ చేయగానే, నా కోడులో ఈ ఫీల్డులు లేవే అని ఓడూ వాటిని తొలగిస్తుంది. డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్‌ కూడా పోతుంది, అందులోని అన్ని సీజన్ల తరుగు అంకెలతో సహా. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, లాగ్‌లో తొలగించాను అని ఒక వరుస ఉంటుంది.

అందుకని వరుస ముఖ్యం. 13లో ఉండగానే, ఆయన మార్చిన ఫైళ్లు అలాగే ఉండగానే, మీ కొత్త మాడ్యూల్‌లో అవే ఫీల్డులను అవే పేర్లతో, అవే రకాలతో ప్రకటించి ఇన్‌స్టాల్ చేయండి. అప్పుడు ఒక ఫీల్డుకు ఇద్దరు యజమానులు ఉంటారు. ఆ తరువాత అసలు 13 ఫైళ్లు తెచ్చి పెట్టి, పర్చేజ్, పర్చేజ్ స్టాక్‌లను అప్‌డేట్ చేయండి. వాటి పేరు మీద ఉన్న హక్కు తొలగుతుంది, మీ మాడ్యూల్ పేరు మీద కాలమ్ మిగులుతుంది. సెలక్షన్ ఫీల్డులు ఉంటే వాటి ఎంపికలు కూడా అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇదంతా డేటాబేస్ నకలు మీద చేసి, కాలమ్‌లో ఎన్ని వరుసల్లో విలువ ఉందో ముందూ వెనుకా లెక్కపెట్టి చూసుకోండి.

ఆ తరువాతే వెర్షన్ మార్పు. కమ్యూనిటీ ఎడిషన్ కాబట్టి ఓడూ కమ్యూనిటీ అసోసియేషన్ వారి ఓపెన్ అప్‌గ్రేడ్ అనే వెర్షన్ మార్పు సాధనం వాడాలి. అది 14, 15, 16, 17 అని మెట్టు మెట్టుగా వెళుతుంది, దాటవేత లేదు. ప్రతి మెట్టులోనూ మీ మాడ్యూల్ ఉండాలి, అయితే మొత్తం అక్కరలేదు. ఫీల్డులు మాత్రమే ఉన్న బోడి మాడ్యూల్ చాలు, వ్యూలు, లెక్కలు 17 చేరాక పెట్టుకోండి.

పాత ఆర్డర్లను కొత్త పద్ధతికి మార్చి రాయాలన్న కోరిక కలుగుతుంది. ఆడిట్ అయిపోయిన బిల్లులవి. పాత తరుగు ఫీల్డును చదవడానికి మాత్రమే వీలుగా ఉంచి వదిలేయండి.


తోతా_చిత్తూరు:

చాలా ధన్యవాదాలు. తరుగును ధరగా చూడాలన్న మాట మా అకౌంట్స్ వారికి చెప్పాను. దిగుబడి గొడవ తీరుతుందంటే ఒప్పుకున్నారు కానీ రెండు అభ్యంతరాలు చెప్పారు. రైతుకు ఇచ్చే బిల్లు మీద తగ్గింపు 5 శాతం అని ఉంటే కుదరదట. నికర బరువు ఇంత, తరుగు ఇన్ని కిలోలు, చెల్లించే బరువు ఇంత అని కిలోల్లోనే కనబడాలి, లేకపోతే గేటు దగ్గరే పేచీ. రెండోది, బరువు తప్పు పడితే ఇప్పటివరకు ఆర్డరులోనే దిద్దుతున్నారు, అలా దిద్దవచ్చా?


కాళహస్తి_ఫ్రాపె:

నేను ఓడూ వాడను, ఫ్రాపె అనే వేదిక మీద ఈఆర్‌పీనెక్స్ట్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ నడుపుతాను, అయినా విషయం ఒకటే కాబట్టి ఒక మాట. మా దగ్గరా ఇదే జబ్బు ఉంది. ఈఆర్‌పీనెక్స్ట్ ఫోల్డరులోనే మార్పులు చేసి, తరువాత అప్‌డేట్ ఆదేశం ఇచ్చి, మార్పులన్నీ పోయాయని వచ్చేవారు నెలకొకరు దొరుకుతారు. మాకు పద్ధతి సొంత యాప్. కస్టమ్ ఫీల్డులను ఆ యాప్‌లో ఫిక్స్‌చర్లుగా, అంటే యాప్‌తో పాటు వెళ్లే డేటా ఫైళ్లుగా, ఉంచుతాం. హుక్స్ ఫైలులో డాక్ ఈవెంట్లు చెప్పి, పత్రం సరిచూసేటప్పుడో సబ్‌మిట్ అయినప్పుడో మన ఫంక్షన్ నడిచేలా చేస్తాం. డాక్‌టైప్ (మీ మోడల్ లాంటిది) క్లాసును మొత్తంగా ఓవర్‌రైడ్ చేసే దారి కూడా ఉంది. కానీ రెండు యాప్‌లు ఒకే డాక్‌టైప్‌ను అలా ఓవర్‌రైడ్ చేస్తే చివర ఉన్నదే చెల్లుతుంది, మొదటిది ఉన్నట్టే తెలియదు. ఆ విషయంలో ఓడూ సూపర్ గొలుసు మేలు, ఎన్ని మాడ్యూళ్లయినా ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. అందుకే నేను వీలైనంతవరకు ఈవెంట్లతోనే సరిపెడతాను.


రేణిగుంట_షిఫ్టు:

ఫీల్డు యజమాని సంగతి నాకు కొత్త. నేను దిద్దే ఫైళ్లలో కొత్త ఫీల్డులు చేర్చలేదు, లెక్కలే మార్చాను, అందుకే ఇన్నాళ్లూ ఏమీ పోలేదన్నమాట. అయితే గడువు సంగతి ఇంకా తీరలేదు. నాలుగు మెట్లు ఎక్కి, చీటీ మోడల్ రాసి, కాటా వారికి నేర్పి, ఇదంతా మే లోపల ఒక్క మనిషి వల్ల అవుతుందా?


పాతకాపు_తిరుపతి:

అవుతుంది, బేరం ఆడితే. 13లో కోడు వేరుచేయడం, నాలుగు మెట్లు ఎక్కడం, చీటీ, బిల్లు కాగితం. ఈ నాలుగే మే లోపల కావాలి. కాటా యంత్రం నుంచి బరువు తనంతట తానే రావడం, రైతు ఫోనుకు సందేశం వెళ్లడం, యజమానికి రంగురంగుల గ్రాఫులు, ఇవేవీ ఈ సీజన్‌కు వద్దని మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి. ఒక్క మనిషి పని చెడేది ఎక్కువగా ఇలాంటి చేర్పుల వల్లే, ఇన్హెరిటెన్స్ వల్ల కాదు.

అకౌంట్స్ వారి మొదటి అభ్యంతరం నూటికి నూరు పాళ్లు సరైనది, తేలికైనది కూడా. లెక్క ఎలా నడిచినా కాగితం మీద ఏం కనబడాలో మన ఇష్టం. రిపోర్టు టెంప్లేట్లు కూడా వ్యూలే, వాటినీ ఎక్స్‌పాత్‌తో పొడిగించవచ్చు. చీటీలో తరుగు కిలోలు, చెల్లించే బరువు అని రెండు కంప్యూటెడ్ (తనంతట తానే లెక్క కట్టే) ఫీల్డులు పెట్టి, వాటిని స్టోర్ చేయండి. రైతుకు ఇచ్చే కాగితాన్ని ఓడూ బిల్లు టెంప్లేట్ మీద కాకుండా మీ చీటీ మీదే కొత్త రిపోర్టుగా చేయడం నాకు నచ్చిన దారి. నిండు బరువు, ఖాళీ బరువు, నికరం, తరుగు కిలోలు, చెల్లించే బరువు, ధర, మొత్తం. తెలుగులో. బిల్లు అకౌంట్స్ గదిలోనే ఉంటుంది. తరుగు కిలోలను గుండ్రం చేసే పద్ధతి ముందే మాట్లాడుకోండి. కాగితం మీద చెల్లించే బరువును ధరతో గుణిస్తే వచ్చేదీ, బిల్లు మొత్తమూ ఒకటి కావాలి. కిలోను పూర్తి అంకెకు గుండ్రం చేస్తే కొన్ని లారీలకు కొన్ని రూపాయలు తేడా వస్తుంది. కాగితం మీద రెండు దశాంశాలు ఉంచండి.

రెండోదానికి జవాబు, దిద్దకూడదు. ఆర్డరు లైనులో పరిమాణం మారిస్తే ఓడూ ధరను, తగ్గింపును మళ్లీ లెక్కకు తీసుకుంటుంది, అది సరఫరాదారు ధరల పట్టికను చూసి చేసే పని. రైతుకు అలాంటి పట్టిక ఉండదు. మీరు వేసిన 5 శాతం సున్నా అయినా ఎవరూ గమనించరు. చీటీ నుంచి పుట్టిన ఆర్డరు లైనులో పరిమాణం, ధర, తగ్గింపు మూడింటినీ రీడ్‌ఓన్లీ చేయండి. 17లో ఆ షరతును ఫీల్డు మీద నేరుగా రాయవచ్చు. బరువు తప్పు పడితే చీటీని రద్దు చేసి, కొత్త చీటీ తీయాలి. కాటా దగ్గర కాగితం పుస్తకం ఉన్న రోజుల్లోనూ కొట్టివేసిన చీటీ మీద సంతకం పెట్టి పుస్తకంలోనే ఉంచేవారు. సాఫ్ట్‌వేర్ వచ్చిందని ఆ క్రమశిక్షణ వదలడం ఎందుకు?


తోతా_చిత్తూరు:

నకలు డేటాబేస్ మీద మొదటి భాగం చేసి చూశాను. మీరు చెప్పిన వరుసలో చేస్తే తరుగు కాలమ్‌లో విలువలన్నీ నిలిచాయి. కుతూహలం కొద్దీ ఇంకో నకలు మీద తలకిందులుగా కూడా చేశాను, అంటే ముందు శుభ్రమైన ఫైళ్లు, తరువాత నా మాడ్యూల్. కాలమ్ మళ్లీ వచ్చింది, విలువలు మాత్రం ఖాళీ. లాగ్‌లో ఆ ఒక్క వరుస కూడా చూశాను.

16 మెట్టు దగ్గర ఒకచోట ఆగింది. పాత కోడులో లాట్‌కు లంకె ఉన్న ఫీల్డు ఒకటి ఉంది, పాత మోడల్ పేరుతో. మీరు ముందే చెప్పారు కాబట్టి వెంటనే తెలిసింది. 16 కోసం ఉంచిన బోడి మాడ్యూల్‌లో ఆ పేరు మార్చగానే ముందుకు కదిలింది.

ఇంక ఒకటే మిగిలింది. 2025 నాటి ఫీల్డులు, అంటే ప్రభుత్వ వాటా 4 రూపాయల వివరాలు. వాటిని కాటా చీటీ మాడ్యూల్‌లోనే పెట్టాలా, వేరేగానా? వచ్చే ఏడు ఆ విధానం ఉంటుందో, అంకె మారుతుందో ఎవరికీ తెలియదు. వేరే మాడ్యూల్ చేస్తే అవసరం లేనప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయవచ్చని నా ఆలోచన.


పాతకాపు_తిరుపతి:

వేరేగానే పెట్టండి. చీటీ మాడ్యూల్ మీద ఆధారపడే చిన్న మాడ్యూల్, చీటీ మోడల్‌ను అక్కడికక్కడే పొడిగించి, ప్రభుత్వ వాటాకు కావలసిన ఫీల్డులు, పంపాల్సిన పట్టిక రిపోర్టు అంతవరకే. ఆ 4 రూపాయలు మీ కొనుగోలు ధరలోకి రాకూడదు, మీరు ఇచ్చేది కాదు కాబట్టి మీ బిల్లులోనూ సరుకు విలువలోనూ దానికి చోటు లేదు. 8, 4 అన్న అంకెలను కోడులో రాయకుండా, సీజన్ పేరుతో ఒక చిన్న పట్టిక చేసి అందులో ఉంచండి. సీజన్ మధ్యలో ఆదేశం మారితే అకౌంట్స్ వారే మార్చుకుంటారు, మీకు రాత్రి ఫోను రాదు.

అన్‌ఇన్‌స్టాల్ ఆలోచన మాత్రం మానుకోండి. మాడ్యూల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే దాని ఫీల్డులూ, కాలమ్‌లూ, అందులోని 2025 అంకెలూ కలిసి పోతాయి. ఇంతసేపూ మనం తప్పించిన ప్రమాదమే అది. సెట్టింగులలో ఒక టిక్ పెట్టి, దానికి ఒక యూజర్ గ్రూపును కట్టి, ఆ గ్రూపు ఉన్నప్పుడే ఫీల్డులు తెర మీద కనబడేలా చేయండి. విధానం లేని ఏడాది టిక్ తీసివేస్తే కాటా వారికి ఏమీ కనబడదు, డేటా ఉన్నచోటే ఉంటుంది. ఓడూ వారు సెట్టింగులలో చాలా సదుపాయాలను ఇలాగే నడుపుతారు, కొలమానాల టిక్ తెరిచి చూడండి, నమూనా దొరుకుతుంది.


తోతా_చిత్తూరు:

సరేనండి, అలాగే చేస్తాను. కాటా యంత్రం నుంచి బరువు నేరుగా తీసుకునే సంగతి యజమాని అప్పుడే అడిగారు. ఈ సీజన్‌కు కాదని కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకున్నాను.